తెర మీది పాఠం, చేతికి రావలసిన విద్య

తోట్లవల్లూరు కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. కరకట్ట దిగితే అరటి, పసుపు, కంద తోటలు. అవి దాటితే ఏటి మధ్య పాములలంక, తోడేళ్లదిబ్బలంక వంటి లంక గ్రామాలు. ఉయ్యూరు దగ్గరే గానీ, గుండె జబ్బుకు పెద్ద ఆస్పత్రి కావాలంటే విజయవాడ వైపో బందరు వైపో పరుగెత్తాలి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త 108, 104 వాహనాలను ప్రారంభించినప్పుడు ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఇది: కబురు అందాక పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20 నిమిషాల్లో అంబులెన్సు చేరాలి. లక్ష్యం మంచిదే. కానీ గుండె ఆగిన మనిషి మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే చెడిపోవడం మొదలవుతుంది.

నాలుగుకీ ఇరవైకీ మధ్య ఉన్న ఈ ఖాళీని ఎన్ని అంబులెన్సులు పెంచినా పూర్తిగా పూడ్చలేం. దాన్ని పూడ్చగలిగినవి, పడిపోయిన మనిషి పక్కన ఉన్నవాళ్ల రెండు చేతులు. గుండె ఆగిపోవడాలు ఎక్కువగా జరిగేది ఇంట్లోనే. ఇంట్లో పక్కన ఉండేది అమ్మ, తాతయ్య, బడికి వెళ్లే పిల్లలు. అందుకే ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే ఈ విద్యను బడిలోనే నేర్పాలని ప్రపంచమంతటా వైద్యులు అడుగుతున్నారు. ఊరూరికీ శిక్షకులను పంపలేని చోట ఫోన్లో, తరగతి గదిలోని తెర మీద పాఠం చెబితే సరిపోతుందా? తెర ఎంతవరకు నేర్పగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

గుండె ఆగిన క్షణం నుంచి

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెకు రక్తం అందించే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటాయి, కానీ మనిషికి స్పృహ ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ మనిషిని నడిపించకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. అతని ఛాతీ నొక్కకూడదు. గుండె ఆగిపోవడం అంటే రక్తం పంపే పని ఒక్కసారిగా నిలిచిపోవడం. గుండెపోటు ఒక్కోసారి దీనికి దారి తీస్తుంది. పెద్దవాళ్లలో హఠాత్తుగా ఇలా జరిగినప్పుడు చాలాసార్లు గుండె కండరం మొదట నిశ్చలంగా ఉండదు. విద్యుత్ సంకేతాలు చెల్లాచెదురై కండరం పట్టు లేకుండా అల్లల్లాడుతుంది, చుక్క రక్తం కూడా ముందుకు పోదు. పది పదిహేను సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పడిపోయిన మనిషి కొద్దిసేపు నోరు తెరిచి, ఆగి ఆగి, గురక పెట్టినట్టు గాలి పీలుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ‘ఊపిరి ఉంది, ఫరవాలేదు’ అనుకుని ముఖం మీద నీళ్లు చల్లుతూ, సోడా తాగించబోతూ ఆ నాలుగు నిమిషాలూ పోగొడతారు. అది ఊపిరి కాదు, ప్రాణవాయువు అందని మెదడు చివరి ప్రయత్నం. పిలిచినా, భుజం తట్టినా పలకడు, మామూలుగా శ్వాస తీసుకోవడం లేదు. ఈ రెండూ కనిపిస్తే చాలు, పని మొదలుపెట్టాలి. నాడి వెతుకుతూ సమయం పోగొట్టుకోనక్కరలేదు.

పని ఇది. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపి నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, ఆ లేచే సమయంలోనే గుండె మళ్లీ రక్తంతో నిండుతుంది. శిక్షణ పొందినవాళ్లు 30 సార్లు నొక్కాక రెండు సార్లు నోటితో శ్వాస ఊదుతారు.

చక్కగా నొక్కినా మామూలుగా గుండె పంపే రక్తంలో పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమే ప్రవహిస్తుంది. మెదడును నిలబెట్టడానికి ఆ కాస్తే ఆధారం. మధ్యలో ఎందుకు ఆగకూడదో బోరింగు కొట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. నాలుగైదు సార్లు ఉత్తినే కొట్టాక గానీ నీళ్లు పైకి రావు, చేయి తీస్తే దిగిపోతాయి, మళ్లీ మొదటినుంచి కొట్టుకు రావాలి. గుండె నాళాల్లో రక్తపు ఒత్తిడీ అంతే. నొక్కుల మీద నొక్కులు పడితేనే పెరుగుతుంది, ఆపితే క్షణాల్లో పడిపోతుంది.

అరవై ఏళ్ల కిందటి ఆవిష్కరణ

ఇంత సులువైన పని వైద్యశాస్త్రంలో స్థిరపడింది 1960లోనే. అంతకు ముందు ఆగిన గుండెను నడిపించాలంటే ఛాతీ కోసి గుండెను చేత్తో పిసకడమే మార్గం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం కౌవెన్‌హోవెన్, జేమ్స్ జూడ్, గై నికర్‌బాకర్ ఛాతీ తెరవకుండా పై నుంచి నొక్కినా రక్తం ప్రవహిస్తుందని ఆ ఏడాది ప్రకటించారు. అప్పటికే పీటర్ సఫార్, జేమ్స్ ఎలామ్ నోటితో శ్వాస ఊదడం పనిచేస్తుందని నిరూపించి ఉన్నారు. ఈ రెండూ కలిసి సీపీఆర్ అయింది. అదే సమయంలో నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్‌ముండ్ లేర్డాల్ మనిషంత ఆకారంలో శిక్షణ బొమ్మను చేశాడు. నార్వే బడిపిల్లలకు ఈ విద్య నేర్పడం అరవైల ఆరంభంలోనే మొదలైంది. డాక్టర్లకే పరిమితం కావలసిన విద్య ఇది కాదని అక్కడివాళ్లు తొలిరోజుల్లోనే గ్రహించారు.

మన దారుల్లో జరిగినవి

2024 మే 5న విజయవాడ అయ్యప్పనగర్‌లో ఆరేళ్ల బాబు రోడ్డు మీద కరెంటు షాక్ తగిలి పడిపోయాడు. కన్నవాళ్లు బిడ్డను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగు తీశారు. ఆ దారిన వెళ్తున్న డాక్టర్ రవళి చూసి ఆపారు. రోడ్డు మీదే పడుకోబెట్టించి, తాను ఛాతీ నొక్కుతూ, పక్కనున్న మనిషితో నోట్లోకి గాలి ఊదించారు. అయిదు నిమిషాలు దాటాక బిడ్డలో కదలిక వచ్చింది. ఆ తర్వాతే ఆస్పత్రికి తరలించారు, బాబు కోలుకున్నాడు.

ఆ వీడియోను లక్షల మంది చూశారు. అందులోని అసలు పాఠం ఆమె బిడ్డను దించమనడంలో ఉంది. ఎత్తుకుని పరుగెత్తాలనిపించడం ప్రేమే, కానీ పరుగెత్తినంతసేపూ మెదడుకు రక్తం అందదు. పడిన చోటే పడుకోబెట్టి మొదలుపెట్టాలి. ఇక్కడ ఆ దారిన డాక్టరు రావడం అదృష్టం. అదృష్టం మీద ఆధారపడకుండా ఉండాలంటే ఆ రోడ్డు మీద ఉన్న పది మందిలో కనీసం ఇద్దరికి ఈ విద్య వచ్చి ఉండాలి. దీనికి డాక్టరే కానక్కరలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ దగ్గర కుప్పకూలిన మనిషిని బతికించింది ట్రాఫిక్ కానిస్టేబుల్. ఆ తర్వాత కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది.

తెర నేర్పగలిగేది

2023 డిసెంబర్ 6న వైద్యవిద్య జాతీయ పరీక్షల బోర్డు దేశమంతటా ఒకేరోజు సీపీఆర్ అవగాహన కార్యక్రమం నడిపింది. ఆన్‌లైన్ ప్రసారంతో విద్యార్థులు, ఉద్యోగులు, ఆరోగ్య సిబ్బంది లక్షల సంఖ్యలో పాల్గొన్నారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ సీపీఆర్ అవగాహన వారం చేపట్టింది. ఒక్కరోజులో లక్షల మందికి ఒకే పాఠాన్ని, తప్పులు లేకుండా చేర్చడం తెర వల్లే సాధ్యం.

తెర చేయగలిగే పనులు మూడు. మొదటిది గుర్తుపట్టడం. ఆగి ఆగి వచ్చే ఆ దొంగ ఊపిరిని మాటల్లో వంద సార్లు చెప్పినా అర్థం కాదు, వీడియోలో ఒక్కసారి చూస్తే మర్చిపోరు. రెండోది వరుస: చుట్టూ ప్రమాదం ఉందేమో చూడటం, పిలిచి చూడటం, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టడం, నొక్కడం. మూడోది వేగం. సెకనుకు సుమారు రెండు నొక్కుల లయను దరువుగా వినిపిస్తే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. పాఠం తయారుచేసేవాళ్లు మన లెక్క పద్ధతినీ గమనించాలి. ‘ఇరవై ఎనిమిది’ అని నోట పలికేలోపు చేతులు రెండు నొక్కులు నొక్కేయాలి. అందుకని ముప్పై దాకా వరసగా కాకుండా, ఒకటి నుంచి పది దాకా మూడు సార్లు లెక్కపెట్టించడం మేలు.

తెర ఎక్కడ ఆగిపోతుందో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరీక్ష చక్కగా చూపింది. 2018లో లోలాండ్స్ సంగీతోత్సవానికి వచ్చిన 381 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శిక్షకులు ఎదురుగా నిలబడి 20 నిమిషాలు నేర్పారు. రెండో జట్టు ఫోన్‌ను వీఆర్ కళ్లద్దాల్లో పెట్టుకుని ఒక యాప్‌తో అంతే సేపు నేర్చుకుంది. తర్వాత రెండు జట్లనూ లోతు, వేగం కొలిచే బొమ్మ మీద పరీక్షించారు. వేగంలో తేడా పెద్దగా లేదు: శిక్షకుల దగ్గర నేర్చినవారు నిమిషానికి సగటున 109, యాప్‌తో నేర్చినవారు 114. లోతులో మాత్రం తేడా వచ్చింది. మొదటి జట్టు 57 మిల్లీమీటర్లు నొక్కితే, యాప్ జట్టు 49 దగ్గరే ఆగింది.

కన్ను, చెవి నేర్చుకోగలిగినదంతా తెర నేర్పింది. ఎంత బలంగా నొక్కాలన్నది చేతికి తెలియాలి, ఆ ఒక్కటీ తెర నేర్పలేకపోయింది. ఆన్‌లైన్ పాఠం పూర్తిచేసి, ప్రశ్నలకు జవాబులు టిక్కు పెట్టి, సర్టిఫికెట్ తీసుకున్న విద్యార్థికి సీపీఆర్ గురించి తెలుసు. సీపీఆర్ వచ్చినట్టు కాదు.

చేతికి ఎలా తెలుస్తుంది

పెద్ద మనిషి ఛాతీ అయిదు సెంటీమీటర్లు దిగాలంటే నలభై యాభై కిలోల బరువు మోపినంత బలం కావాలి. మొదటిసారి నొక్కేవాళ్లు ఎముక విరుగుతుందేమోనని సగంలోనే ఆపేస్తారు. పక్కటెముక విరిగినా అతుక్కుంటుంది, రక్తం అందని మెదడు తిరిగి రాదు. ఈ ధైర్యం వినడంతో రాదు, బొమ్మను నొక్కి ‘ఇంత లోతా!’ అని చేయి ఆశ్చర్యపోయినప్పుడే వస్తుంది.

ఏ వయసు పిల్లలకు ఇది చేతనవుతుందో చూడటానికి బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 157 మంది బడిపిల్లలను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిది పదేళ్ల వాళ్లలో ఒక్కరూ కావలసిన లోతు నొక్కలేకపోయారు. 11, 12 ఏళ్ల వాళ్లలో 19 శాతం, 13, 14 ఏళ్ల వాళ్లలో 45 శాతం నొక్కగలిగారు. కాబట్టి చిన్న తరగతులకు గుర్తుపట్టడం, కేకవేయడం, 108కి సరైన చిరునామా చెప్పడం నేర్పాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి చేతులతో సాధన చేయించాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్దతు తెలిపిన ‘కిడ్స్ సేవ్ లైవ్స్’ ప్రకటన కూడా 12 ఏళ్ల వయసు నుంచి ఏడాదికి రెండు గంటలు నేర్పమనే చెబుతుంది.

బొమ్మలు ఖరీదు కదా అనే ప్రశ్నకు డెన్మార్క్ ఒక జవాబు ఇచ్చింది. అక్కడ 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 35 వేల చిన్న గాలి బొమ్మలు, వీడియో పాఠంతో సహా పంచి, ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకు నేర్పమన్నారు. వివరాలు తిరిగి పంపిన పిల్లలు ఒక్కొక్కరు సగటున ఇద్దరు ముగ్గురికి నేర్పారని తేలింది. 2005 నుంచి ఆ దేశంలో బడుల్లో ఈ శిక్షణ తప్పనిసరి అయింది, డ్రైవింగ్ లైసెన్సుకూ ముడిపెట్టారు, జనం తిరిగే చోట్ల గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్లు పెట్టారు. ఇవన్నీ కలిసి, ఆస్పత్రి బయట గుండె ఆగినప్పుడు పక్కవాళ్లు సీపీఆర్ చేయడం 2001లో 21 శాతం ఉండగా 2010కి సుమారు 45 శాతానికి చేరింది. నెల తర్వాత బతికున్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు.

అలాంటి బొమ్మ కూడా లేని బడిలో గాలి నింపిన స్కూటరు ట్యూబు మీద దుప్పటి మడత వేసి సాధన మొదలుపెట్టవచ్చు. మోచేతులు నిటారుగా ఉంచడం, ఒంటి బరువు మోపడం, రెండు నిమిషాలకొకసారి చేయి మార్చుకోవడం దాని మీద అలవడతాయి. లోతు సరిచూసుకోవడానికి మాత్రం ఏడాదిలో ఒక్కసారైనా ప్రతి బిడ్డ చేతికీ అసలు బొమ్మ అందాలి. వాడని నైపుణ్యం కొద్ది నెలల్లోనే మసకబారుతుంది. ఏడాదికొక పండుగలా జరిపే శిక్షణ కన్నా మూడు నెలలకొకసారి పది నిమిషాలు నొక్కించడం మంచిది. మధ్యలో గుర్తుచేసే పనికి ఫోన్ పాఠం బాగా పనికొస్తుంది.

మాట్లాడే పెట్టె

అల్లల్లాడుతున్న గుండెను నొక్కుడు ఒక్కటే సరిచేయలేదు, అది కాలాన్ని సంపాదించి పెడుతుంది. చెల్లాచెదురైన సంకేతాలను ఒక్క దెబ్బతో ఆపి, గుండె తన లయను తాను మళ్లీ అందుకునేలా చేసేది డీఫిబ్రిలేటర్. బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ 1965లో దాన్ని అంబులెన్సులోకి ఎక్కించాడు. తర్వాత అది సామాన్యులు వాడగలిగే చిన్న పెట్టెగా మారింది. దాని పేరే ఏఈడీ. మీట నొక్కితే నోటితో ఆదేశాలిస్తుంది. దానితో వచ్చే రెండు జిగురు అట్టల్లో ఒకదాన్ని కుడి మెడ ఎముక కింద, రెండోదాన్ని ఎడమ చంక కింద పక్కకు అంటించాలి. షాక్ అవసరమా కాదా అన్నది పెట్టే నిర్ణయిస్తుంది. మామూలుగా కొట్టుకునే గుండెకు అది షాక్ ఇవ్వదు. సినిమాల్లో మానిటర్ మీది గీత తిన్నగా సాగిపోగానే షాక్ కొట్టి లేపుతారు. నిజంలో ఆ గీతకు షాక్ పనిచేయదు, నొక్కుతూనే ఉండాలి.

దీన్ని పిల్లలు వాడగలరా? 1999లో ప్రచురించిన సియాటిల్ పరీక్షలో ఆరో తరగతి పిల్లలకు కొద్దిపాటి వివరణ ఇచ్చి ఉత్తుత్తి షాక్ ఇప్పించి చూశారు. పిల్లలకు సగటున 90 సెకన్లు, వృత్తి శిక్షణ ఉన్న అంబులెన్సు సిబ్బందికి 67 సెకన్లు పట్టింది. తేడా అరనిమిషం కూడా లేదు. వేగం విలువ ఎంతో అమెరికా జూదశాలల్లో కాపలా సిబ్బందికి ఏఈడీలిచ్చి చూసిన అధ్యయనం చెప్పింది: మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారిలో 74 శాతం బతికి ఇళ్లకు వెళ్లారు, అది దాటినవారిలో 49 శాతం.

ఏఈడీ విషయంలో ఆన్‌లైన్ పాఠానికి బలం ఎక్కువ, ఎందుకంటే ఇందులో కండబలం పని లేదు. పెట్టె చెప్పే మాటలను ముందే వినిపించి, ఏ మాటకు ఏం చేయాలో అలవాటు చేస్తే చాలు. మండలానికి పెట్టె కొనేటప్పుడు అది ఏ భాషలో మాట్లాడుతుందో అడిగి మరీ కొనాలి. బ్యాటరీకీ అట్టలకూ గడువు ఉంటుంది కాబట్టి తేదీలు చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. తాళం వేసిన గదిలో పెట్టకూడదు. ఆగిన గుండె హెడ్మాస్టరు గారి తాళంచెవి కోసం ఎదురుచూడదు.

డెల్టాకు అదనపు పాఠం

మన దేశంలో సామాన్యులకు నేర్పడానికి భారత పునరుజ్జీవన మండలి రూపొందించిన పద్ధతిలో ఛాతీ నొక్కడమే ఉంది, నోటితో శ్వాస లేదు. హఠాత్తుగా గుండె ఆగిన పెద్దవాళ్లకు అది సరైనదే, వాళ్ల రక్తంలో కొద్ది నిమిషాలకు సరిపడా ప్రాణవాయువు మిగిలి ఉంటుంది. పైగా కొత్తవాళ్లు జంకకుండా ముందుకొస్తారు.

అయితే ఇది నది, కాలువలు, చేపల చెరువులు ఉన్న నేల. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు లంకలు నీళ్లపాలయ్యాయి. నీట మునిగిన మనిషికి ముందు ప్రాణవాయువు అయిపోతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఆ రక్తాన్ని ఎంత నడిపించినా అందులో మెదడుకు పనికొచ్చేది లేదు. అందుకే మునిగినవాళ్లకు ముందు నోటితో శ్వాస ఊది, తర్వాత నొక్కుడు మొదలుపెట్టాలి. తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం సమయాన్ని తినేస్తాయి, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. తోట్లవల్లూరు పిల్లలకు, దివిసీమ పిల్లలకు చెప్పే పాఠంలో శ్వాస ఊదడం తప్పకుండా ఉండాలి. కట్లపాము, నాగుపాము విషానికి శ్వాస కండరాలు చచ్చుబడినప్పుడు కూడా 108 వచ్చేదాకా నిలబెట్టేది ఆ శ్వాసే.

పొలం మోటారు, చెరువులోని ఏరియేటరు దగ్గర షాక్ కొట్టినప్పుడు ముందు కరెంటు ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే ఒకరి బదులు ఇద్దరు పోతారు. తడిసిన ఛాతీని తుడిచాకే ఏఈడీ అట్టలు అంటించాలి.

మండలంలో మొదలుపెట్టడానికి

కావలసినవి చాలామటుకు మన దగ్గర ఉన్నాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తాకితే పనిచేసే పెద్ద తెరలు వచ్చాయి. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు అందాయి. మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. చిన్న అవుటపల్లిలో, విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాలలు ఉన్నాయి. తెలుగులో, డెల్టా ప్రమాదాలతో, అరగంట నిడివి పాఠం ఒకటి ఈ కళాశాలలు కలిసి తయారుచేయవచ్చు. పాఠం తెర మీద నడుస్తుంది. సాధన బడి ఆవరణలో జరుగుతుంది. ఏడాదికొకసారి వైద్య విద్యార్థులు బొమ్మలతో వచ్చి ప్రతి బిడ్డ చేయి లోతునూ సరిచూస్తారు. సర్టిఫికెట్ ఆ రోజున ఇవ్వాలి, వీడియో చూసిన రోజున కాదు.

‘పొరపాటు జరిగితే కేసు అవుతుందేమో’ అన్న భయాన్ని కూడా పాఠంలోనే తీర్చాలి. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ కల్పిస్తుంది.

హెడ్మాస్టర్లకు, పంచాయతీ పెద్దలకు, తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ఈ విద్యాసంవత్సరంలో మీ బడిలో ఒక పీరియడు దీనికి కేటాయించండి, ఊరి చందాతోనైనా ఒక శిక్షణ బొమ్మ కొనండి. ఇది చదువుతున్న మీరు ఈ వారమే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పండి: పలకకపోతే, శ్వాస సరిగ్గా లేకపోతే, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. ఆ తర్వాత బొమ్మ ఎక్కడ ఉందో వెతుక్కుని వెళ్లి, మీ చేతులతో ఒక్కసారి నొక్కి చూడండి.